కప్పు కనిపించింది... ఆట ఏదీ?

*గెలిచిన రోజున మన అమ్మాయిల ఫొటోకు మొదటి పేజీలో చోటు దొరుకుతోంది. ఆ ఫొటోలో వాళ్లు ఆడుతూ కనిపించడం మాత్రం ఇంకా అరుదే.*

2025 నవంబరు 2. నవీ ముంబయి, డీవై పాటిల్ స్టేడియం. వాన వల్ల రెండు గంటలు ఆలస్యంగా మొదలైన ఫైనల్ అర్ధరాత్రి దాకా సాగింది. దక్షిణాఫ్రికా చేతిలో ఉన్నది ఒక్క వికెట్. దీప్తి శర్మ వేసిన బంతిని నడీన్ డిక్లెర్క్ గాల్లోకి లేపింది. కవర్స్‌లో ఉన్న కెప్టెన్ హర్మన్‌ప్రీత్ కౌర్ బంతి మీది చూపు తిప్పకుండా వెనక్కి వెనక్కి అడుగులేసి, ఎగిరి అందుకుంది. అందుకున్న బంతితోనే మైదానమంతా పరుగు తీసింది. 52 పరుగుల తేడాతో భారత మహిళలు తొలిసారి ప్రపంచకప్ గెలిచారు.

ఇప్పటి కెమెరాలు సెకనుకు ఇరవై ముప్ఫై ఫ్రేములు తీస్తాయి. బౌండరీ బయట పొడవాటి లెన్సులతో కూర్చున్న ఫొటోగ్రాఫర్లకు ఆ క్యాచ్ ఒక్కటే వందల ఫ్రేములు ఇచ్చి ఉంటుంది. దాని వెనకే పరుగు, కౌగిలింతలు, కన్నీళ్లు, కప్పు, బాణసంచా. అవన్నీ ఏజెన్సీల ద్వారా దేశంలోని పత్రికా కార్యాలయాలకు వచ్చి పడ్డాయి. జిల్లా ఎడిషన్లు అచ్చుకు వెళ్లే ఆ వేళలో డెస్కు మీదున్న సబ్ ఎడిటర్ వాటిలోంచి ఒక్కదాన్ని ఎంచుకోవాలి. ఆ ఎంపికకు దొరికేది కొద్ది నిమిషాలే.

తెల్లారి చాలా పేజీల్లో కప్పు చుట్టూ చేరిన జట్టే పెద్ద ఫొటో. అందులో తప్పేమీ లేదు, మగవాళ్లు గెలిచినా అదే వేస్తారు. నన్ను ఆలోచనలో పడేసింది ఆ తర్వాత మిగిలిన జ్ఞాపకం. కప్పును పక్కలో పెట్టుకుని నిద్రపోతున్న కెప్టెన్ ఫొటో ఊరూరా ఫోన్లలో తిరిగింది. క్రికెట్ పెద్దమనుషుల ఆట అన్న మాటను కొట్టేసి అందరి ఆట అని రాసి ఉన్న ఆమె టీషర్టు అందరికీ నచ్చింది, నాకూ నచ్చింది. మరి ఆ క్యాచ్? సెమీఫైనల్లో ఆస్ట్రేలియా పెట్టిన 339 పరుగుల లక్ష్యాన్ని ఛేదించినప్పుడు జెమీమా రోడ్రిగ్స్ 134 బంతుల్లో 127 పరుగులతో అజేయంగా నిలిచింది. ఆమె ఏడుస్తున్న ఫొటో చూడనివాళ్లు లేరు. ఆ ఇన్నింగ్స్‌లోని 14 ఫోర్లలో ఒక్కటైనా మీ కళ్ల ముందు ఆడుతోందా? ఆ టోర్నీలో 14 వికెట్లు తీసిన మన కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి బంతి వదిలేటప్పుడు ఆమె ఎడమచేతి మణికట్టు ఎలా తిరుగుతుందో ఏ పత్రికలోనైనా అరపేజీ ఫొటోగా చూశారా?

ఫొటోలు పడుతున్నాయి. ఆట పడటం లేదు. నా బాధ అదే.

మిథాలీ అంటే పుస్తకమేనా?

ఒక్కసారి కళ్లు మూసుకుని ధోనీని తలచుకోండి. 2011 ఏప్రిల్ 2, వాంఖడే. సిక్సర్ కొట్టిన బ్యాటు గాల్లో ఉండగా బంతి వెంట వెళ్తున్న ఆ చూపు కనిపిస్తుంది. 2024 టీ20 ప్రపంచకప్ ఫైనల్ అనగానే బౌండరీ తాడు దగ్గర సూర్యకుమార్ యాదవ్ పట్టిన మిల్లర్ క్యాచ్. మగ ఆటగాళ్లు మన జ్ఞాపకంలో ఏదో ఒకటి చేస్తూ ఉంటారు.

ఇప్పుడు మిథాలీ రాజ్‌ను తలచుకోండి. సికింద్రాబాద్‌లో పెరిగిన ఈ బ్యాటర్ 232 వన్డేల్లో 7,805 పరుగులు చేసింది. మహిళల వన్డేల్లో అన్ని పరుగులు మరెవరూ చేయలేదు. అయినా దేశమంతా చూసిన ఆమె ఫొటో ఏది? 2017 జూన్ 24న డెర్బీలో ఇంగ్లండ్‌తో ప్రపంచకప్ మ్యాచ్‌లో, ప్యాడ్లు కట్టుకుని తన వంతు కోసం ఎదురుచూస్తూ రూమీ పుస్తకం చదువుకుంటున్న ఫొటో. అందమైన ఫొటోనే. ఆమె నిబ్బరం అందులో కనిపిస్తుంది. కానీ పుస్తకం మూసి క్రీజులోకి వెళ్లి ఆ రోజు ఆమె 71 పరుగులు చేసింది. అది వరసగా ఏడో అర్ధసెంచరీ. ఆ డెబ్బై ఒక్క పరుగుల ఫొటో ఎవరికీ గుర్తులేదు.

ఆ ప్రపంచకప్ మొదలవడానికి ముందే ఒక విలేకరి ఆమెను మీకు నచ్చిన మగ క్రికెటర్ ఎవరని అడిగాడు. మగ క్రికెటర్లను ఇలాగే అడుగుతారా అని ఆమె ఎదురు ప్రశ్న వేసింది. ఆగస్టులో ఒక అకాడమీ ప్రారంభోత్సవంలో తోటి క్రీడాకారిణులతో దిగిన ఫొటోను మిథాలీ పోస్టు చేస్తే, చొక్కా మీది చెమట మరక చూసి ఎవరో వెక్కిరించారు. మైదానంలో చెమటోడ్చబట్టే ఇక్కడిదాకా వచ్చాను, ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదన్నట్టు ఆమె జవాబిచ్చింది. మగ ఆటగాడి చెమటను క్లోజప్‌లో వేసి శ్రమకు గుర్తుగా చూపించే అలవాటు మనది. అదే చెమట ఆమె చొక్కా మీద ఎందుకు ఎబ్బెట్టయింది?

కోర్టు బయట వెతికిన కెమెరా

ఈ అలవాటు మనతో మొదలైంది కాదు. ఇరవై, ముప్ఫై ఏళ్ల కిందట ఆటల పేజీ చదివిన ఎవరినడిగినా అన్నా కోర్నికోవా పేరు చెబుతారు. డబుల్స్‌లో ఆమె ప్రపంచ నంబర్ వన్. మార్టినా హింగిస్‌తో కలిసి రెండుసార్లు ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచింది. సింగిల్స్‌లో ఎనిమిదో ర్యాంకు దాకా వెళ్లినా, ఒక్క డబ్ల్యూటీఏ టైటిలూ దక్కలేదు. అయినా ఆ కాలంలో గ్రాండ్‌స్లామ్‌లు గెలిచిన వాళ్లకన్నా ఆమె ఫొటోలే ఎక్కువ కనిపించేవి. 2000 జూన్‌లో అమెరికా పత్రిక స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ ఆమెను ముఖచిత్రంగా వేసింది. రాకెట్ లేదు, కోర్టు లేదు, దిండు మీద వాలి ఉన్న భంగిమ. ఆ పత్రికను అప్పుడు చాలామంది తప్పుపట్టారు. డబుల్స్ ఆడే ఆ అమ్మాయి ఆటకు కూడా అది అన్యాయమేనన్న మాట ఆ గొడవలో పెద్దగా వినపడలేదు.

మన దగ్గర సానియా మీర్జా. 2005 ఫిబ్రవరిలో హైదరాబాద్ ఓపెన్ గెలిచి, డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ సాధించిన తొలి భారతీయురాలైంది. అదే ఏడాది యూఎస్ ఓపెన్‌లో నాలుగో రౌండుకు చేరింది. ఆ ఏడాదంతా మనం మాట్లాడుకున్నది ఆమె స్కర్టు పొడవు గురించి, ముక్కుపుడక గురించి, టీషర్టు మీది రాతల గురించి. ఆమెకు గొప్ప పేరు తెచ్చినది ఫోర్‌హ్యాండ్. కుడిభుజం పూర్తిగా తిరిగి, రెండు పాదాలూ నేల విడిచి కొట్టే ఆ దెబ్బ కెమెరాకు పండగలాంటిది. తర్వాత ఆమె మహిళల డబుల్స్‌లో, మిక్స్‌డ్ డబుల్స్‌లో మూడేసి చొప్పున ఆరు గ్రాండ్‌స్లామ్‌లు గెలిచింది, 2015లో డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయింది. 2016లో ఒక టీవీ ఇంటర్వ్యూలో ఆమెను స్థిరపడేది ఎప్పుడని అడిగారు. నంబర్ వన్‌గా ఉండటం స్థిరపడినట్టు కాదా అని సానియా నిలదీస్తే ఆ విలేకరి అక్కడికక్కడే క్షమాపణ చెప్పాడు. ఆ ప్రశ్న పుట్టిన చోటే ఆమె ఫొటోల ఎంపికా పుట్టిందని నా అభిప్రాయం.

---

బట్టల మీద నిబంధనలు

● 2004లో ఫిఫా అధ్యక్షుడు సెప్ బ్లాటర్, మహిళా ఫుట్‌బాలర్లు బిగుతైన షార్ట్స్ వేసుకుంటే ఆటకు ఆదరణ పెరుగుతుందన్నాడు. క్రీడాకారిణులు మండిపడ్డారు.

● మహిళలు స్కర్టులే వేసుకోవాలని 2011లో ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్య నియమం తెచ్చింది. ఆట ఆకర్షణీయంగా కనిపించాలన్నది వాళ్ల వాదన. నిరసనలతో 2012 మేలో పక్కన పెట్టింది.

● 2021 జులైలో బికినీ బాటమ్స్ బదులు షార్ట్స్ వేసుకున్నందుకు నార్వే మహిళల బీచ్ హ్యాండ్‌బాల్ జట్టుకు 1,500 యూరోల జరిమానా పడింది. ఆ తర్వాత నియమమే మారింది.

● అదే ఏడాది టోక్యో ఒలింపిక్స్‌లో జర్మనీ జిమ్నాస్టులు చీలమండల దాకా ఉండే దుస్తుల్లో పోటీపడ్డారు. తమకు ఏది సౌకర్యమో తామే నిర్ణయించుకుంటామన్నారు.

---

"ముఖం బాగా పడలేదు"

పత్రికల డెస్కుల్లో తరచూ వినిపించే మాట ఇది. చెడ్డ ఉద్దేశంతో అనరు. అమ్మాయి ఫొటో కదా, చక్కగా ఉండాలన్న మంచితనంతోనే అంటారు. కానీ ఆట ఆడేటప్పుడు ముఖం చక్కగా ఉండదు. షటిల్ కోసం వెనక్కి వంగినప్పుడు నోరు వంకర పోతుంది. కుస్తీలో చెవి చాపకు నొక్కుకుపోతుంది. పరుగు చివర బుగ్గలు ఊగుతాయి. మగవాడి ముఖం అలా ఉంటే 'పోరాటం' అని శీర్షిక పెట్టి మూడు కాలమ్‌లు ఇస్తాం. అమ్మాయిదైతే పక్కన పెట్టి, పతకం పట్టుకుని నవ్వుతున్నది తీసుకుంటాం.

శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ ఆమే. మహిళల వెయిట్‌లిఫ్టింగ్‌కు ఒలింపిక్స్‌లో చోటు దొరికింది కూడా ఆ ఏడాదే. స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130. ఆ 130 కిలోలు భుజాల మీదికి చేరి, మోకాళ్లు లేచి, చేతులు తిన్నగా నిలిచే లోపల మెడ నరాలు తేలి, పళ్లు బిగుసుకుని ఉండే ముఖమే ఆ ఆటకు అసలు ముఖం. అమ్మాయిలు ఇలాంటి ఆట ఆడతారా అని అడిగే ఊళ్లకు జవాబు చెప్పగల ఫొటో అదే. దాన్ని పోస్టరు సైజులో వేసి ప్రతి జిల్లా పరిషత్ హైస్కూలు గోడకూ అతికించాల్సింది. దాని బదులు మనకు గుర్తున్నవి సన్మానాలు, శాలువాలు, దండలు.

గురువు అరవమన్నాడు

ఈ విషయం తెలుగు నేల మీద అందరికన్నా ముందు గ్రహించింది ఒక కోచ్ అని నాకనిపిస్తుంది. గచ్చిబౌలి బ్యాడ్మింటన్ అకాడమీలో పుల్లెల గోపీచంద్, పీవీ సింధును కోర్టు మధ్యలో నిలబెట్టి అందరూ చూస్తుండగా గట్టిగా అరవమన్నాడు. అరిచే దాకా రాకెట్ పట్టుకోనివ్వనన్నాడు. సహజంగా నెమ్మదస్తురాలైన అమ్మాయికి అది ఎంత కష్టమైందంటే ఏడుపు వచ్చేసింది. అయినా పట్టు వదల్లేదు. కోర్టులో ఎదుటివాళ్ల మీద ఒత్తిడి తేవాలంటే శరీరం కూడా మాట్లాడాలన్నది ఆయన నమ్మకం.

2016 ఆగస్టు 19, రియో ఒలింపిక్స్. కరోలినా మారిన్‌తో ఫైనల్. తొలి గేమ్‌లో 16–19తో వెనకబడి ఉన్న సింధు వరసగా అయిదు పాయింట్లు తీసి 21–19తో గెలిచింది. పిడికిలి బిగించి గర్జించింది. తర్వాతి రెండు గేములూ మారిన్‌వే అయినా, ఆ గర్జన ఫొటోలు మర్నాడు తెలుగు పత్రికల్లో కనిపించాయి. మన ఆడపిల్ల అంత గట్టిగా అరుస్తున్న ఫొటోను మన ఇళ్లలో ముచ్చటగా చూసుకోవడం అప్పటిదాకా జరిగిందా? నాకు తెలిసి లేదు. ఇలాంటి ఫొటో వేస్తే పాఠకులు నొచ్చుకుంటారన్న డెస్కుల భయం ఆ రోజుతో తీరిపోవాల్సింది.

నిజామాబాద్‌లో నిఖత్ జరీన్ తొలినాళ్ల బాక్సింగ్ బౌట్‌లో దెబ్బ తిని కమిలిన కన్నుతో ఇంటికొచ్చినప్పుడు, నిన్నెవరు పెళ్లి చేసుకుంటారని వాళ్లమ్మ కంటతడి పెట్టుకుంది. పేరొస్తే పెళ్లికొడుకులే వరస కడతారని నిఖత్ అమ్మను ఓదార్చింది. ఆ అమ్మాయి 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో దిల్లీలో ప్రపంచ విజేత అయింది. ఆ తల్లిది భయమే తప్ప తప్పు కాదు. దెబ్బ తిన్న ఆడపిల్ల ముఖాన్ని గౌరవంగా చూపిన ఫొటో ఆమెకు అప్పటిదాకా ఏ పేపరూ చూపించలేదు.

ఒక కిక్కు, ఒక విగ్రహం

ఆట ఫొటో వేసినా అంతా సాఫీగా సాగుతుందన్న భరోసా లేదు. 2019 మార్చిలో ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ మహిళల లీగ్‌లో కార్ల్‌టన్ క్రీడాకారిణి టేలా హారిస్ బంతిని తన్నిన క్షణాన్ని మైఖేల్ విల్సన్ ఫొటో తీశాడు. కుడికాలు తల ఎత్తుకు లేచి, ఒళ్లంతా విల్లులా సాగి, కళ్లు బంతి మీదే ఉన్న ఫొటో అది. కండరాల పనితనం తెలిసిన ఎవరైనా నోరెళ్లబెడతారు. ఒక టీవీ చానల్ తన పేజీలో ఆ ఫొటో పెట్టగానే కింద నీచమైన వ్యాఖ్యలు వచ్చి పడ్డాయి. చానల్ ఏం చేసిందంటే, వ్యాఖ్యలు తీసేయాల్సింది పోయి ఫొటోనే తీసేసింది.

దాంతో క్రీడాలోకం తిరగబడింది. హారిస్ తానే ఆ ఫొటోను మళ్లీ పోస్టు చేసింది. తోటి క్రీడాకారులు, మగవాళ్లతో సహా, ఆమె పక్కన నిలిచారు. చానల్ క్షమాపణ చెప్పి ఫొటోను తిరిగి పెట్టింది. ఆరు నెలలు తిరిగేసరికి మెల్‌బోర్న్ ఫెడరేషన్ స్క్వేర్‌లో ఆ కిక్కు కాంస్య విగ్రహమై వెలసింది.

నేను ఈ సంగతి చెప్పినప్పుడల్లా కొందరు మిత్రులు, అందుకే ఆడవాళ్ల ఫొటోలు జాగ్రత్తగా ఎంచుకోవాలి అంటారు. నేను ఒప్పుకోను. చెడ్డ చూపు ఫొటోలో లేదు, చూసేవాడిలో ఉంది. వాడికి భయపడి ఆటను దాచేస్తే నష్టపోయేది ఆడిన అమ్మాయి.

---

పక్షపాతం లేని కెమెరా

1984 ఆగస్టు 8, లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్. మహిళల 400 మీటర్ల హర్డిల్స్‌లో పీటీ ఉష 55.42 సెకన్లలో గీత దాటింది. రొమేనియా అమ్మాయి క్రిస్టియానా కొజొకారు 55.41. సెకనులో నూరోవంతు తేడాతో కాంస్యం చేజారింది. ఆ తేడా పట్టింది ఫొటో ఫినిష్ కెమెరా. అది ముగింపు గీతనే చూస్తుంది, మొండెం గీతను తాకిన క్షణాన్నే లెక్కిస్తుంది. మగవాళ్లకూ ఆడవాళ్లకూ ఒకే కొలత.

---

ఫొటో ఎందుకు దొరకదు?

తప్పంతా అర్ధరాత్రి సబ్ ఎడిటర్ మీదకు తోసేయడం అన్యాయం. అతనికి దొరికే బుట్టలోనే లోపముంది. పురుషుల రంజీ మ్యాచ్‌కు ఫొటోగ్రాఫర్‌ను పంపే పత్రిక మహిళల దేశవాళీ మ్యాచ్‌కు అరుదుగా పంపుతుంది. పంపినా బహుమతుల వేళకు చేరుకుంటే చాలనుకుంటారు. దాంతో ఏడాదంతా ఆ అమ్మాయి ఆడిన ఆటకు ఫైల్లో ఫొటో ఉండదు. ఆమె హఠాత్తుగా వార్తల్లోకి రాగానే వెతుకులాట ఇన్‌స్టాగ్రామ్ మీద పడుతుంది. అక్కడ ఉండేవి స్నేహితులతో, పండగ బట్టల్లో, ప్రకటనల కోసం తీయించుకున్నవి. అవి ఆమె ఇష్టంతో పెట్టుకున్నవే, తప్పులేదు. కానీ ఆటల పేజీలో మగ ఆటగాడి పక్కన అవి పడ్డప్పుడు అతను పని చేస్తున్నట్టు, ఆమె పెళ్లికి వచ్చినట్టు ఉంటుంది.

జిల్లా పేజీల సంగతి మరీ విచారం. పతకం తెచ్చిన అమ్మాయికి అమ్మానాన్న మిఠాయి తినిపిస్తున్న ఫొటో, ఎమ్మెల్యే చెక్కు ఇస్తున్న ఫొటో, కలెక్టర్ పక్కన ఫొటో. వరంగల్ జిల్లా కల్లెడలో కూలి పనులు చేసుకునే ఇంట్లో పుట్టిన జీవాంజి దీప్తి 2024లో కోబెలో పారా అథ్లెటిక్స్ ప్రపంచ పోటీల్లో టీ20 (మేధోపరమైన వైకల్యం ఉన్నవారి) విభాగం 400 మీటర్లను 55.07 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు సాధించింది. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. ఆమె ఇంటి గుమ్మం, అమ్మానాన్న, చిన్ననాటి అవమానాలు అన్నీ మనకు తెలుసు, తెలియాలి కూడా. ఆఖరి వంద మీటర్లలో ఆమె అడుగు ఎంత పొడవు పడుతుందో కూడా తెలియాలి కదా.

ఈ దశాబ్దంలో భారత మహిళా క్రీడాకారుల ఫొటోల్లో మనసును బాగా కదిలించినవి 2023 మే 28న దిల్లీ రోడ్డు మీద తీసినవి. వేధింపులపై న్యాయం అడుగుతూ కొత్త పార్లమెంటు వైపు నడిచిన కుస్తీ క్రీడాకారిణులు వినేశ్ ఫొగాట్, సాక్షి మలిక్‌లను పోలీసులు ఈడ్చుకెళ్లిన ఫొటోలవి. పోలీసు వ్యానులో రెజ్లర్లు నవ్వుతున్నట్టు ఎవరో మార్చిన నకిలీ ఫొటో కూడా ఆ రోజే తిరిగింది. రోడ్డు మీది ఆ ఫొటోలు తీసినవాళ్లు తమ పని గొప్పగా చేశారు. ఏడాది తర్వాత పారిస్ ఒలింపిక్స్‌లో వినేశ్, అప్పటిదాకా అంతర్జాతీయ బౌట్లలో ఓటమే ఎరుగని జపాన్ చాంపియన్ యుయి సుసాకిని చివరి క్షణాల్లో పడగొట్టింది. కుస్తీ చరిత్రలోనే పెద్ద సంచలనాల్లో ఒకటది. మర్నాడే 100 గ్రాముల బరువు ఎక్కువైందని అనర్హత వేటు పడింది. మనకు మిగిలిన జ్ఞాపకాలు రోడ్డు, ఆస్పత్రి మంచం. సుసాకి కాలు ఒడిసిపట్టిన ఆ వినేశ్‌ను మనం మళ్లీ వెతికి పట్టుకోవాలి.

కెమెరా కొంచెం జరిగింది

అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2018లో క్రీడాకారులను చిత్రించే తీరుపై మార్గదర్శకాలు విడుదల చేసింది. పారిస్ క్రీడలకు ముందు ఒలింపిక్ ప్రసార సంస్థ అధిపతి యానిస్ ఎక్సార్కోస్ తన కెమెరామెన్లకు సూటిగా చెప్పాడు: ఆడవాళ్లను కూడా మగవాళ్లను చూపినట్టే చూపండి. మహిళలకు క్లోజప్‌లు ఎక్కువ పడుతున్నాయని, కెమెరా పట్టేవాళ్లలో అత్యధికులు మగవాళ్లే కావడంతో తెలియకుండానే ఈ తేడా వస్తోందని ఆయన ఒప్పుకున్నాడు. అదే క్రీడల్లో పురుషుల మారథాన్‌తో ముగించే ఆనవాయితీని మార్చి మహిళల మారథాన్‌ను ఆఖరి రోజుకు తెచ్చారు.

మారథాన్ మాట వచ్చింది కాబట్టి ఒక పాత ఫొటో. 1967లో బోస్టన్‌లో 261 నంబరు తగిలించుకుని పరుగెడుతున్న క్యాథరిన్ స్విట్జర్‌ను నిర్వాహకుల్లో ఒకడు పట్టి లాగేయబోయాడు. పక్కనే వెళ్తున్న ప్రెస్ వాహనంలోంచి ఫొటోగ్రాఫర్ హ్యారీ ట్రాస్క్ కెమెరా క్లిక్‌మంది. ఆమె ఆగలేదు, పరుగు పూర్తి చేసింది. ఆ ఫొటో ప్రపంచం చుట్టింది. 1972లో బోస్టన్ మారథాన్ మహిళలకు అధికారికంగా తలుపులు తెరిచింది. ట్రాస్క్ ముగింపు గీత దగ్గర దండలు వేసే వేళ కోసం కాచుకుని ఉంటే ఆ ఫొటో ఉండేది కాదు. పరుగు జరుగుతున్న చోట, పరుగుతో పాటే ఉన్నాడు.

మనవాళ్లూ చేయగలిగింది అదే. మండల, జిల్లా స్థాయిలో స్కూలు పిల్లల కబడ్డీ పోటీలు ఏటా జరుగుతాయి. సాయంత్రం అయిదింటికి ముఖ్య అతిథి బహుమతులిచ్చేటప్పుడు ఒక ఫొటో తీసి పంపడం ఇప్పటి ఆనవాయితీ. ఆ ఫొటోగ్రాఫర్‌ను ఉదయం పదకొండింటికి, అమ్మాయిల సెమీఫైనల్ జరుగుతున్నప్పుడే పంపాలి. వీలైతే ఆ పనికి మరికొందరు అమ్మాయిలనూ తీసుకోవాలి. కూతకు వెళ్లిన పిల్ల నలుగురు పట్టుకున్నా గీత వైపు చెయ్యి చాచిన ఫొటో అప్పుడు దొరుకుతుంది. దాన్ని మూడు కాలమ్‌లలో వేసి, కింద ఆమె పేరు, బడి పేరు, తెచ్చిన పాయింట్లు రాస్తే చాలు.